బూజుకర్ర తూగిన చోట సగమే ఉంటుందా?

ప్రశ్న: మాస్టారూ, మాది మచిలీపట్నం. ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. మొన్న స్లిప్ టెస్టులో ఒక ప్రశ్న ఇచ్చారు. పొడుగు కర్ర ఉన్న చీపురును వేలి మీద అడ్డంగా తూగేలా నిలిపి, సరిగ్గా ఆ వేలు ఉన్నచోట కోస్తే ఏ ముక్క బరువెక్కువ అని. రెండూ సమానమని రాశాను. ద్రవ్యరాశి కేంద్రం అంటే బరువు సగం ఇటు, సగం అటు ఉండే చోటే కదా అనుకున్నాను. సున్నా వేశారు. అడిగితే 'సమానమయ్యేవి టార్కులు (అంటే తిప్పే ప్రభావాలు), బరువులు కాదు' అన్నారు. నాకు అర్థం కాలేదు. ఇంకో సందేహం. లెక్కల్లో టార్క్ ఒకసారి ఆధారం దగ్గర తీసుకుంటారు, ఒకసారి కర్ర చివర తీసుకుంటారు. ఎక్కడ తీసుకోవాలో ముందే ఎలా తెలుస్తుంది? ఫార్ములాలు బట్టీ పట్టేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఈఏపీసెట్ గురించి ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. నేను కూచిపూడి కూడా నేర్చుకుంటున్నాను. ఈమధ్యే పళ్ళెం అంచు మీద నిలబడి చేసే తరంగం మొదలుపెట్టాం. అది కూడా ఈ పాఠమేనా?

జవాబు:

అమ్మా, నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ చివరి ప్రశ్న. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు చీపురు సంగతి చూద్దాం.

నువ్వు రాసిన జవాబును నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినన్నాళ్ళూ ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను. బాగా చదివే పిల్లలే రాస్తారు. దీనికి కారణం మన కళ్ళకు అలవాటైన తక్కెడ అని నా నమ్మకం. కూరగాయల కొట్లో తక్కెడ తూగిందంటే రెండు పళ్ళేల్లోనూ బరువులు సమానమే. చిన్నప్పటినుంచీ అదే చూస్తాం కాబట్టి 'తూగడమంటే బరువులు సమానం కావడం' అని మనసులో పడిపోతుంది. తక్కెడలో రెండు చేతుల పొడవూ సమానంగా ఉందన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. అక్కడ దూరాలు సమానం కాబట్టే బరువులు సమానమయ్యాయి. చీపురుకు ఆ దూరాలు సమానం కావు.

చీపురు కంటే మన ఇళ్ళలో ఉండే బూజుకర్ర ఇంకా మంచి ఉదాహరణ. కర్ర పొడుగ్గా ఉంటుంది, చివర బరువంతా ఒకేచోట ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి కర్ర పొడవు 160 సెంటీమీటర్లు, బరువు 400 గ్రాములు అనుకుందాం. దాని చివర కట్టిన కుచ్చు కూడా 400 గ్రాములే అనుకుందాం. కుచ్చు బరువంతా కర్ర కొసనే ఉందని తీసుకో. కర్ర ఒక్కటే అయితే 80 దగ్గర తూగుతుంది. 80 దగ్గర 400, 160 దగ్గర 400. రెండూ సమానం కాబట్టి మొత్తం ద్రవ్యరాశి కేంద్రం వాటికి నడుమ, అంటే పట్టుకునే కొస నుంచి 120 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. వేలు పెట్టాల్సింది అక్కడ.

ఇప్పుడు అక్కడ కోద్దాం. పట్టుకునే వైపు 120 సెంటీమీటర్ల కర్ర వస్తుంది. దాని బరువు 300 గ్రాములు. కుచ్చు వైపు మిగిలిన 40 సెంటీమీటర్ల కర్ర 100 గ్రాములు, కుచ్చు 400 గ్రాములు, మొత్తం 500. ఒక ముక్క 300, ఇంకోటి 500! అయినా కోయకముందు వేలి మీద హాయిగా తూగింది.

ఎలా తూగిందో చూడు. 300 గ్రాముల ముక్క బరువు దాని నడిమిలో, అంటే వేలికి 60 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. 300ను 60తో గుణిస్తే 18,000. రెండో వైపు 100 గ్రాముల కర్ర బరువు వేలికి 20 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది, దాని వాటా 2,000. కుచ్చు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది, దాని వాటా 16,000. కలిపితే 18,000. బరువులు 300, 500 అయినా, బరువును దూరంతో గుణించినప్పుడు రెండు వైపులా ఒకటే అంకె వచ్చింది. మీ లెక్చరర్ టార్కులు సమానం అన్నది దీన్నే. అసలు టార్క్ కావాలంటే గ్రాములను కిలోల్లోకి, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చి, 9.8తో గుణించాలి. రెండు వైపులా అవే గుణకాలు కాబట్టి సమానమా కాదా అన్నది తేల్చడానికి ఆ మార్పు అవసరం లేదు.

కాగితం మీద లెక్క ఒప్పుకున్నంత మాత్రాన చేతికి నమ్మకం కలగదు. అందుకే బూజుకర్రను కిందికి దించి ఇలా చెయ్యి. రెండు చూపుడు వేళ్ళూ దూరంగా చాపి వాటి మీద కర్రను అడ్డంగా పెట్టు. కళ్ళు మూసుకో. వేళ్ళను మెల్లగా దగ్గరికి తీసుకురా. ఒక వేలు కాసేపు సాఫీగా జారుతుంది, రెండోది కర్రకు అతుక్కున్నట్టు ఆగి ఉంటుంది. ఉన్నట్టుండి జారే వేలు ఆగిపోయి, ఆగిన వేలు జారడం మొదలుపెడుతుంది. ఇలా వంతులవారీగా జారి జారి చివరికి రెండూ ఒకచోట కలుసుకుంటాయి. కళ్ళు తెరిచి చూస్తే కర్ర పడకుండా తూగుతూ ఉంటుంది. వేళ్ళు కలిసిన చోటే ద్రవ్యరాశి కేంద్రం. ఎన్నిసార్లు చేసినా, ఏ వేలు ఎంత దూరంలో మొదలుపెట్టినా అక్కడికే వస్తావు.

ఎందుకంటే, ద్రవ్యరాశి కేంద్రానికి దగ్గరగా ఉన్న వేలు మీద ఎక్కువ బరువు పడుతుంది. దూరంగా ఉన్న వేలికి తక్కువ బరువు చాలు, దూరమే మిగతా పని చేస్తుంది. బరువు ఎక్కువ పడిన వేలికి ఘర్షణ ఎక్కువ, అందుకని అది ఆగుతుంది. తక్కువ పడిన వేలు జారుతుంది. జారుతూ కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ దాని మీద బరువు పెరుగుతుంది, ఘర్షణ పెరుగుతుంది, కాసేపటికి దాని వంతు అయిపోతుంది. కర్రే నీ వేళ్ళను తన కేంద్రానికి పిలుచుకుంటుందన్నమాట. ఈ ఆట గుర్తుపెట్టుకో. తరంగం దగ్గర మళ్ళీ కావాలి.

ఇక టార్క్ ఎక్కడ తీసుకోవాలి అన్న ప్రశ్న. దీనికి కావడి కంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు. శ్రవణకుమారుడి కథ నీకు తెలిసే ఉంటుంది. మా తాతగారి ఊళ్ళో చెరువు నుంచి కావడితో నీళ్ళు మోసే ఒకాయన్ని నేను చిన్నప్పుడు చూశాను. ఒకవైపు పెద్ద బిందె, ఇంకోవైపు చిన్న బిందె. భుజం కావడికి నడిమిలో ఉండేది కాదు, పెద్ద బిందె వైపు జరిగి ఉండేది. దారిలో ఎవరైనా చిన్న బిందెలోంచి రెండు చెంబులు పోయించుకుంటే, ఆయన మాట్లాడుతూనే బద్దను జానెడు ముందుకు లాగి భుజం సర్దుకునేవాడు. లెక్క ఆయన భుజానికి తెలుసు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమెడీస్ ఇదే నియమాన్ని రుజువుతో సహా రాశాడు. బరువులు ఏ నిష్పత్తిలో ఉంటే దూరాలు దానికి తిరగేసిన నిష్పత్తిలో ఉండాలని.

కావడి బద్ద పొడవు 180 సెంటీమీటర్లు, ఎడమ బిందె 12 కిలోలు, కుడి బిందె 8 కిలోలు అనుకో. బద్ద బరువు వదిలేద్దాం. భుజం ఎడమ కొస నుంచి 72 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. అప్పుడు కుడి కొస 108 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 12 ఇంటూ 72 అంటే 864. 8 ఇంటూ 108 అన్నా 864. భుజం మీద పడే మొత్తం 20 కిలోలు. ఇక్కడ టార్క్ భుజం దగ్గర తీసుకున్నాం.

ఇప్పుడు ఎడమ కొస దగ్గర తీసుకో. ఎడమ బిందె అక్కడే ఉంది కాబట్టి దాని దూరం సున్నా, టార్క్ సున్నా. భుజం పైకి నెడుతోంది, 20 ఇంటూ 72 అంటే 1,440. కుడి బిందె కిందికి లాగుతోంది, 8 ఇంటూ 180 అంటే 1,440. సరిపోయింది. కావాలంటే కావడికే తగలని చోటు తీసుకో. ఎడమ కొసకు ఇంకా 20 సెంటీమీటర్లు అవతల గాలిలో ఒక బిందువు. అక్కడినుంచి ఎడమ బిందె 12 ఇంటూ 20 అంటే 240, కుడి బిందె 8 ఇంటూ 200 అంటే 1,600, రెండూ కలిపి కిందికి తిప్పేవి 1,840. భుజం 20 ఇంటూ 92, అదీ 1,840. కదలకుండా ఉన్న వస్తువుకు ఏ బిందువు దగ్గర చూసినా తిప్పే ప్రయత్నాలన్నీ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాల్సిందే. లేకపోతే అది ఆ బిందువు చుట్టూ తిరగడం మొదలుపెట్టేది. గణితంలో చెప్పాలంటే, మొత్తం బలం సున్నా అయినప్పుడు బిందువును ఎంత జరిపితే ప్రతి బలం దూరమూ అంతే మారుతుంది, దానివల్ల టార్కుల్లో వచ్చే మార్పులన్నీ కలిపితే సున్నా.

కాబట్టి 'ఎక్కడ తీసుకోవాలి' అనేది పుస్తకం నిర్ణయించే విషయం కాదు, నీ ఇష్టం. ఎక్కడ తీసుకున్నా తప్పు కాదు. అయితే ఎక్కడ తీసుకుంటే పని తగ్గుతుందో చూడాలి. నీకు తెలియని బలం, నీకు అక్కర్లేని బలం ఎక్కడ పనిచేస్తోందో అక్కడే బిందువు పెట్టు. దాని దూరం సున్నా అయిపోయి సమీకరణంలోంచి తప్పుకుంటుంది. నునుపైన గోడకు ఆనించిన నిచ్చెన లెక్క మీకు వచ్చే ఉంటుంది. అందులో తెలియనివి మూడు. గోడ నెట్టే బలం, నేల పైకి మోసే బలం, నేల మీద ఘర్షణ. నిచ్చెన మొదలు దగ్గర టార్క్ తీసుకుంటే నేల వైపువి రెండూ ఒక్క దెబ్బతో మాయమవుతాయి. గోడ బలం ఒక్కటే మిగులుతుంది. అక్కడ కాక గోడ తగిలే చోట తీసుకున్నా జవాబు అదే వస్తుంది, ఇంకో సమీకరణం ఎక్కువ రాయాలి, అంతే. నిచ్చెన వాలి ఉంటుంది కాబట్టి టార్క్ కోసం తీసుకునే దూరం నిచ్చెన పొడవు కాదు. బలం గీతకు ఆ బిందువు నుంచి గీసే లంబ దూరం తీసుకోవాలి. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

మార్కులు పోయే ఇంకో చోటు స్కేలు సొంత బరువు మర్చిపోవడం. దీనికి నీ బల్ల మీద ఉండే వస్తువులు చాలు. 30 సెంటీమీటర్ల స్కేలు, ఒక పెన్సిల్, ఐదు రూపాయల నాణేలు రెండు తీసుకో. 2011లో వచ్చిన సిరీస్‌లోది అయితే నాణెం 6 గ్రాములు. నాణెం ఎప్పటిదో అంచు దగ్గర ముద్రించిన సంవత్సరం చూడు, 2019 నుంచి వచ్చిన కొత్త రకం బరువు వేరు. ముందు ఉట్టి స్కేలును పెన్సిల్ మీద తూచు. 15 దగ్గర తూగాలి. కాస్త అటూఇటూగా తూగితే ఆ అంకెనే వాడుకో. ఇప్పుడు నాణెం నడిమి భాగం 2 మీదికి వచ్చేలా పెట్టి మళ్ళీ తూచు. నా బల్ల మీద ఉన్న స్కేలు 12 దగ్గర తూగింది. నాణెం పెన్సిల్‌కి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంది, 6 ఇంటూ 10 అంటే 60. రెండో వైపు తూచడానికి వేరే బరువేమీ లేదు కదా, మరి ఎవరు మోస్తున్నారు? స్కేలే మోస్తోంది. దాని బరువంతా 15 దగ్గర, పెన్సిల్‌కి 3 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు పనిచేస్తుంది. 60ని 3తో భాగిస్తే స్కేలు 20 గ్రాములు. త్రాసు లేకుండానే తూచేశాం.

ఇక్కడితో ఆపకు. మొదటి నాణెం మీదే రెండోది పెడితే ఎక్కడ తూగుతుందో ముందు కాగితం మీద కట్టు, తర్వాతే పెట్టి చూడు. నా స్కేలుకు 12 గ్రాములను పెన్సిల్ చోటు నుంచి 2 దాకా ఉన్న దూరంతో గుణిస్తే, 20 గ్రాములను 15 దాకా ఉన్న దూరంతో గుణించినదానికి సమానం. లెక్క 10.125 అని వచ్చింది. అంటే 10 దాటి ఒక చిన్న గీత. పెన్సిల్‌ని అక్కడికి జరిపి చెయ్యి తీశాను. స్కేలు ఒక్క క్షణం ఊగి నిలబడింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ క్షణంలో నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ముందు చెప్పిన అంకె దగ్గరికే వస్తువు వచ్చి నిలవడం చిన్న విషయం కాదు. బట్టీ పట్టేయమంటున్న నీ ఫ్రెండ్స్‌ని కూడా కూర్చోబెట్టి ఇది చేయించు. ఈ పాఠంలో బట్టీ పట్టాల్సింది నిజానికి రెండే వాక్యాలు. బలాలు కలిపితే సున్నా, ఏదైనా ఒక బిందువు చుట్టూ టార్కులు కలిపితే సున్నా. మిగతావన్నీ బొమ్మ సరిగ్గా గీస్తే వచ్చేస్తాయి. ఎన్ని బలాలున్నాయో, ఒక్కొక్కటి ఎక్కడ పనిచేస్తోందో బాణాలు గీయకుండా లెక్క మొదలుపెట్టకు. పరీక్షలో టైము చాలదనిపించినా సరే, గీయి.

ఇక తరంగం. అవునమ్మా, నూటికి నూరు పాళ్ళూ ఈ పాఠమే.

నిలబడిన మనిషి పడిపోకుండా ఉండాలంటే ద్రవ్యరాశి కేంద్రం నుంచి నేలకు నిలువుగా గీసిన గీత పాదాలూ వాటి నడుమ ఉన్న చోటూ కలిపిన జాగాలోనే పడాలి. దాటిందంటే మన బరువే మనల్ని పడేసే టార్క్ అవుతుంది. ఇది ఒంటికి ఎంత బాగా తెలుసో చూడాలంటే గోడ పక్కన నిలబడు. కుడి భుజం, కుడి పాదం పక్కభాగం గోడకు ఆనించు. ఇప్పుడు ఎడమ కాలు పైకెత్తు. ఎత్తలేవు! మామూలుగా ఎడమ కాలు ఎత్తేముందు నడుము తనంతట తానే కుడి పాదం మీదికి జరుగుతుంది. గోడ అడ్డం ఉంటే జరగడానికి చోటు లేదు. ఇన్నాళ్ళూ ఆ జరుగుడు నువ్వు గమనించి ఉండవు.

పళ్ళెం మీద ఆ జాగా బాగా తగ్గిపోతుంది. పైగా అంచు బయటికి వాలిన పళ్ళెం అయితే, నువ్వు నిలబడే అంచు పళ్ళెం నేలను తాకే చోటుకంటే బయట ఉంటుంది. ఒక్క కాలి మీదే పూర్తిగా ఒరిగావో, రెండో వైపు పళ్ళెం లేస్తుంది. నీ పాదం బరువు పళ్ళేన్ని తిప్పే టార్క్ అయిపోయింది కాబట్టి. మోకాళ్ళు వంచి అరమండిలో ఉండమని మీ మాస్టారు ఎందుకు పట్టుబడతారో కూడా లెక్క కట్టవచ్చు. ద్రవ్యరాశి కేంద్రం నేలకు 100 సెంటీమీటర్ల ఎత్తున ఉండగా ఒళ్ళు 5 డిగ్రీలు ఒరిగితే ఆ నిలువు గీత దాదాపు 8.7 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. కేంద్రం 80 దగ్గరికి దిగితే అదే ఒరుగుడుకు 7 సెంటీమీటర్లే. పాదం వెడల్పుతో పోల్చి చూడు, ఆ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. తల మీద చెంబు పెట్టుకుంటే కేంద్రం మళ్ళీ కాస్త పైకి వెళ్తుంది.

చెంబులో నీళ్ళు పోసుకునే రోజు వస్తే సగం మాత్రం పోసుకోకు. సగం చెంబులో నీళ్ళకు వెడల్పైన పొట్ట దగ్గర అటూఇటూ ఊగే చోటుంటుంది. నువ్వు ఒకవైపు ఒరిగితే నీళ్ళూ అటే పరుగెత్తి కేంద్రాన్ని ఇంకా అటే లాగుతాయి. సన్నటి మెడదాకా నింపితే కదలడానికి చోటే తక్కువ. నిండుకుండ తొణకదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక పళ్ళేన్ని ముందుకు నడపడం. ఇక్కడే బూజుకర్ర మళ్ళీ వస్తుంది. రెండు కాళ్ళ మీదా బరువు సమానంగా వేస్తే పళ్ళెం ముందుకు కదలదు, రెండు వైపులా ఘర్షణ ఒకటే. బరువు ఒక పాదం వైపు కాస్త మార్చి నడుము తిప్పితే బరువెక్కువ ఉన్న వైపు నేలకు పట్టుకుని ఆగుతుంది, తేలికైన వైపు జారుతుంది. ఒక వేలు ఆగి ఇంకో వేలు జారినట్టే. నేను చెప్పానని నమ్మకు. ఈసారి సాధనలో మీ మాస్టారు పక్కన ఉన్నప్పుడే, తల మీద చెంబు లేకుండా, నాలుగు అడుగులు మెల్లగా వెయ్యి. పళ్ళెం జరిగిన ప్రతిసారీ ఏ పాదం మీద బరువుందో, ఏ పాదం కింద అంచు కదిలిందో చూసుకుని నాకు రాయి.